స్వీట్ ఆరెంజ్ ఆయిల్ ఇంట్లో ఎలా వాడాలి?

చిన్నప్పుడు కరెంటు పోతే మాకు ఒక ఆట ఉండేది. బత్తాయి తొక్కను దీపం దగ్గర పెట్టి మడిచి నొక్కితే మంటలో చిటపటా మెరుపులు లేచేవి. ఆ మెరిసేది తొక్కలో ఉన్న నూనె. స్వీట్ ఆరెంజ్ ఎసెన్షియల్ ఆయిల్, అంటే తొక్క నుంచి తీసి సీసాలో అమ్మే గాఢమైన నూనె, అలాంటిదే. మన నల్గొండ బత్తాయి, అనంతపురం చీనీ కూడా ఆ జాతి పండ్లే, శాస్త్రీయ నామం సిట్రస్ సైనెన్సిస్. నూనెలో 90 శాతానికి పైగా లిమోనిన్ అనే రసాయనం ఉంటుంది. వాసనకూ, జిడ్డు కరిగించే గుణానికీ, మంట అంటుకోవడానికీ అదే ముఖ్య కారణం.

1. కొనేటప్పుడు లేబుల్ చదవండి. స్వీట్ ఆరెంజ్ అనీ, సిట్రస్ సైనెన్సిస్ అనీ ఉండాలి. సీసా ముదురు రంగు గాజుదై ఉండాలి. ఫ్రాగ్రెన్స్ ఆయిల్ అని ఉంటే అది వాసన కోసం తయారుచేసిన వేరే సరుకు. బిట్టర్ ఆరెంజ్, నిమ్మ తొక్కల నుంచి నొక్కి తీసిన నూనెలు రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలిపోవచ్చు. స్వీట్ ఆరెంజ్‌తో ఆ ఇబ్బంది లేదు.

2. మూత తీసిన రోజే సీసా మీద మార్కర్‌తో నెల, సంవత్సరం రాయండి. అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదేనని నా అభిప్రాయం. గాలి తగిలేకొద్దీ లిమోనిన్ మారిపోయి, చర్మానికి అలర్జీ తెచ్చే పదార్థాలు పుడతాయి. నేను బాత్రూమ్ అలమరలో రెండేళ్లు ఉంచిన సీసా నుంచి తీసి కొబ్బరి నూనెలో కలిపి చేతికి రాసుకున్నాను. సాయంత్రానికి మోచేతి దాకా ఎర్రటి దద్దుర్లు, దురద. వాసన అప్పటికే మారిపోయింది. తాజా తొక్క వాసన పోయి, పెయింటు డబ్బా తెరిచినట్టు ఘాటుగా వస్తోంది. నేనే పట్టించుకోలేదు. మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి, ఏడాది దాటితే పారేయండి.

3. ఒంటికి రాసేముందు పలచన చేయండి. 30 మిల్లీలీటర్ల కొబ్బరి నూనెకో నువ్వుల నూనెకో 6 చుక్కలు చాలు, సుమారు 1 శాతం అవుతుంది. ముందు మోచేతి మడతలో కాస్త రాసి 24 గంటలు ఆగండి. మంట, దురద లేకపోతేనే వాడండి. బకెట్ నీళ్లలో నేరుగా వేయకండి. నూనె నీళ్లలో కలవదు, పైకి తేలి ఉన్నది ఉన్నట్టుగా ఒంటికి అంటుకుంటుంది.

4. గదికి వాసన కావాలంటే డిఫ్యూజర్‌లో (వాసనను గదిలోకి వదిలే పరికరం) 100 మిల్లీలీటర్ల నీళ్లకు 3, 4 చుక్కలు వేసి, కిటికీ తెరిచి అరగంట నడపండి. రోజంతా వద్దు, తలనొప్పి రావచ్చు. ఆస్తమా ఉన్నవాళ్లు, పసిపిల్లలు ఉన్న గదిలో అసలు వద్దు. పిల్లి ఉన్న ఇంట్లో ఈ నూనె వాడకపోవడమే మంచిది, లిమోనిన్ పిల్లులకు విషం.

5. కొత్త స్టీలు గిన్నెకు అంటిన స్టిక్కర్ గోకితే జిగురు మిగిలిపోతుంది కదా. దాని మీద రెండు చుక్కలు వేసి ఐదు నిమిషాలు ఆగండి. జిగురు మెత్తబడి, గుడ్డతో తుడిస్తే ఉండలు ఉండలుగా వచ్చేస్తుంది. తర్వాత సబ్బుతో బాగా కడగండి. ప్లాస్టిక్ మీద మాత్రం ప్రయత్నించకండి. థర్మాకోల్ అయితే కళ్లముందే కరిగి గుంట పడుతుంది.

6. స్టవ్‌కూ, దేవుడి దీపానికీ దూరంగా ఉంచండి. నూనె తుడిచిన గుడ్డను కూడా అక్కడ పడేయకండి. గర్భిణులు వాడేముందు డాక్టర్‌ని అడగాలి. చుక్క కూడా తాగకూడదు, జీర్ణానికి మంచిదని ఎవరు చెప్పినా సరే. కంట్లో పడితే 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి డాక్టర్‌కి చూపించండి. పిల్లలెవరైనా తాగేస్తే వాంతి చేయించకండి, నూనె ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. ఆ సీసాను కూడా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.