సొంత డయోడ్ మోడల్ రాసేముందు

కావలసిన డయోడ్ సిమ్యులేషన్ లైబ్రరీలో దొరకనప్పుడు డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) దగ్గర పెట్టుకుని మోడల్, అంటే డయోడ్ గుణాలను అంకెల్లో చెప్పే వరుస, మనమే రాసుకోవాలి. రాయడం ఒక్క వరుస పని. కానీ తప్పుడు మోడల్ కూడా ఏ ఫిర్యాదూ లేకుండా నడుస్తుంది, నున్నని గ్రాఫ్ గీసి చూపిస్తుంది. బోర్డు తయారై వచ్చాక గానీ తేడా బయటపడదు. కాబట్టి జాగ్రత్త అంతా ముందే పడాలి.

మీరు ఇవ్వని పారామీటర్లకు స్పైస్ (సర్క్యూట్ సిమ్యులేషన్ ప్రోగ్రాం) తన సొంత విలువలు వేసుకుంటుంది. ఎన్ (వోల్టేజితో కరెంటు ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే గుణకం) 1 అవుతుంది; ఆర్ఎస్ (లోపలి నిరోధం), సీజేఓ (జంక్షన్ కెపాసిటెన్స్), టీటీ (ట్రాన్సిట్ టైమ్) సున్నా అవుతాయి; బీవీ (బ్రేక్‌డౌన్ వోల్టేజి) అనంతమవుతుంది. అలాంటి డయోడ్‌కు లోపలి నిరోధం లేదు, కెపాసిటెన్స్ లేదు, ఎంత రివర్స్ వోల్టేజి ఇచ్చినా బ్రేక్‌డౌన్ లేదు. స్విచింగ్ సర్క్యూట్లలో లెక్క కుదరక సిమ్యులేషన్ మధ్యలో ఆగిపోవడానికి తరచుగా ఈ సున్నాలే కారణం.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ ఐఎస్ (కరెంటును వోల్టేజితో కలిపే డయోడ్ సమీకరణంలోని సాచురేషన్ కరెంటు), ఎన్‌ల జంట మీద పెట్టండి. డేటాషీట్ గ్రాఫ్‌లో 0.1 మిల్లీఆంపియర్ దగ్గర 0.50 వోల్టులు, 1 మిల్లీఆంపియర్ దగ్గర 0.60 వోల్టులు ఉన్నాయనుకుందాం. కరెంటు పది రెట్లు పెరగడానికి 100 మిల్లీవోల్టులు పట్టింది. ఎన్ 1 అయితే 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 59.5 మిల్లీవోల్టులు చాలు. కనుక ఎన్ 1.68. 0.60 వోల్టుల నుంచి సున్నాకు ఆరు దశకాలు (ఒక్కో దశకం పది రెట్లు) దిగితే ఐఎస్ 1 నానోఆంపియర్. ఇక 100 మిల్లీఆంపియర్ల దగ్గర ఈ లెక్క 0.80 అంటుంది, గ్రాఫ్ 0.86 చూపిస్తుంది. మిగిలిన 0.06 వోల్టులు ఆర్ఎస్ వల్ల వచ్చినవి: 0.6 ఓమ్‌లు. ఇప్పుడు ఇదే ఐఎస్ ఉంచి ఎన్ రాయడం మరిచిపోతే, ఆర్ఎస్ అడ్డు లేని చోట 0.60 వోల్టులకే దాదాపు 12 ఆంపియర్లు పారుతాయి! ఈ రెండింటిలో ఒకదాన్ని మాత్రమే వేరే మోడల్ నుంచి అరువు తెచ్చుకోకూడదు. డేటాషీట్‌లోని రివర్స్ లీకేజీని తీసుకెళ్లి ఐఎస్‌లో వేయడం కూడా తప్పే. నిజమైన సిలికాన్ డయోడ్‌లో లీకేజీకి ఈ సమీకరణంలో లేని కారణాలు వేరే ఉంటాయి. చదివేటప్పుడు గరిష్ఠ విలువల పట్టికను కాదు, సాధారణ విలువల గ్రాఫ్‌ను చూడండి.

సీజేఓ సున్నా వోల్టుల దగ్గరి కెపాసిటెన్స్. డేటాషీట్ 4 వోల్టుల రివర్స్ దగ్గర 10 పికోఫారడ్లు అని ఇస్తే దాన్ని నేరుగా వేయకండి. వీజే (జంక్షన్ వోల్టేజి) 1, ఎం (గ్రేడింగ్ గుణకం) 0.5 అయితే సున్నా దగ్గర అది 22 పైచిలుకు ఉంటుంది.

జీనర్‌కు (బ్రేక్‌డౌన్‌లోనే పని చేయించే డయోడ్) బీవీతో పాటు ఐబీవీ (ఆ వోల్టేజి దగ్గరి కరెంటు) కూడా తప్పనిసరి. జీనర్ వోల్టేజిని తయారీదారు ఏ కరెంటు దగ్గర కొలిచాడో, 5 మిల్లీఆంపియర్లు అయితే 5, అదే ఇవ్వాలి.

షాట్కీ డయోడ్ (లోహం, సెమీకండక్టర్ కలిసే జంక్షన్ ఉన్నది) రాస్తున్నారా? ఈజీని (బ్యాండ్ గ్యాప్ శక్తి) 1.11 దగ్గరే వదిలేస్తే ఉష్ణోగ్రత మారినప్పుడు లీకేజీ లెక్క తప్పుతుంది. షాట్కీలో ఈజీకి 0.69, ఎక్స్‌టీఐకి (ఉష్ణోగ్రతతో ఐఎస్ మారే తీరును చెప్పే ఘాతాంకం) 2 వాడతారు.

అంకెల పక్కన రాసే ప్రత్యయాలతోనూ జాగ్రత్త. స్పైస్‌కు పెద్ద, చిన్న అక్షరాల తేడా లేదు. ఎం అంటే ఎప్పుడూ మిల్లీయే, మెగా కావాలంటే మెగ్ అని పూర్తిగా రాయాలి. ఎఫ్ అంటే ఫెమ్టో. ఒక ఫారడ్ అనుకుని అంకె పక్కన ఎఫ్ తగిలిస్తే కెపాసిటర్ ఉన్నా లేనట్టే.

మోడల్‌కు చేతకానివీ ఉన్నాయి. టీటీ ఇచ్చినా రికవరీ (రివర్స్‌కు మారినప్పుడు డయోడ్ ఆగిపోయే దశ) చివర్లో కరెంటు ఠక్కున తెగిపోతుంది. సాఫ్ట్ రికవరీ డయోడ్‌లో కరెంటు నెమ్మదిగా తగ్గే తోక ఈ సమీకరణంలో లేదు. స్నబ్బర్ (స్విచింగ్‌లో వచ్చే వోల్టేజి ఉప్పెనను అణచే సర్క్యూట్) విలువలను దీని మీదే ఖాయం చేయవద్దు. మామూలు మోడల్‌లో జంక్షన్ తన వేడికి తాను వేడెక్కదు, కాలిపోదు. ఎల్‌టీస్పైస్ (స్పైస్‌లో ఒక రకం) మోడళ్లలో కనిపించే సగటు కరెంటు, గరిష్ఠ వోల్టేజి అంకెలు సమాచారం కోసమే, అవి దాటినా సిమ్యులేషన్ ఆగదు. ఆ హద్దులను మీరే చూసుకోవాలి.

అసలు సర్క్యూట్‌లో పెట్టేముందు డయోడ్‌ను ఒంటరిగా పరీక్షించండి. కరెంటును లాగ్ స్కేలు మీద గీసి, కనీసం మూడు ఉష్ణోగ్రతల్లో డేటాషీట్ గ్రాఫ్‌తో పోల్చండి. మోడల్‌ను సాఫ్ట్‌వేర్ సొంత లైబ్రరీలో కలపకుండా వేరే ఫైలులో ఉంచండి. లైబ్రరీలో కలిపితే అప్‌డేట్ వచ్చినప్పుడు మీ మోడల్ చెరిగిపోవచ్చు. పైన నక్షత్రం గుర్తుతో మొదలయ్యే వ్యాఖ్యలో ఏ డేటాషీట్ వాడారో, ఏ కరెంటు నుంచి ఏ కరెంటు వరకు సరిపోయిందో రాసి పెట్టండి.