సెయింట్ లూయిస్‌ను పిల్లలకు రెండు రోజుల్లో చూపించడం ఎలా?

1950లో ఎనిమిదిన్నర లక్షలకు పైగా జనం నివసించిన సెయింట్ లూయిస్‌లో 2020 నాటికి మిగిలినది మూడు లక్షల మందే. అలా ఖాళీ పడిన చెప్పుల గిడ్డంగిని, రైల్వే స్టేషన్‌ను, ఇనుప ఫౌండ్రీని నేలమట్టం చేయకుండా పిల్లలు ఆడుకునే చోట్లుగా, తినుబండారాల అంగళ్లుగా మార్చుకోవడం వల్లనే ఈ మిస్సోరీ నగరపు నడిబొడ్డుకు మళ్లీ కళ వచ్చింది. షికాగో నుంచి కారులో అయిదు గంటల ప్రయాణం కనుక లాంగ్ వీకెండ్ రాగానే తెలుగు కుటుంబాలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ, తాతయ్యలను కూడా వెంటబెట్టుకుని, ఇక్కడికి బయలుదేరుతుంటాయి. అయితే అందరూ ఒక్క రోజులో అన్నీ ముగించాలని చూసి, ఆ చెప్పుల గిడ్డంగిలోనే వెలసిన, అసలు చూడవలసిన సిటీ మ్యూజియంలోకి సాయంత్రం మూడు గంటలకు, అలసిపోయిన పిల్లలతో అడుగుపెడతారు. రెండు రోజులు కేటాయించలేనివారు ఈ ప్రయాణం పెట్టుకోకపోవడమే మంచిది.

మొదటి దశ: సామాను. ప్రతి ఒక్కరికీ పాదాన్ని పూర్తిగా కప్పే బూట్లు, పిల్లలకు మోకాళ్లు దాటే ప్యాంట్లు, చిన్న టార్చి, నీళ్ల సీసాలు, ఒక బాల్‌పాయింట్ పెన్ను ఉంటే చాలు. పండ్లు కోసే చాకును హోటల్ గదిలోనే వదిలిపెట్టండి. గేట్‌వే ఆర్చ్ అనే ఎత్తయిన ఉక్కు కమాను దగ్గర విమానాశ్రయంలో మాదిరి తనిఖీ ఉంటుంది.

రెండవ దశ: తొలిరోజు ఉదయం గేట్‌వే ఆర్చ్. పైకి వెళ్లే ట్రామ్ టిక్కెట్టును ఇంటి నుంచే, ఆ రోజు దొరికే మొట్టమొదటి సమయానికి కొనుక్కోవాలి. ఆర్చ్‌కు సొంత పార్కింగ్ లేదు కనుక చుట్టుపక్కల గ్యారేజీలో కారు పెట్టి నడిచి రావడానికి అరగంట అదనంగా వేసుకోండి. 630 అడుగుల ఎత్తున్న ఈ ఉక్కు కమాను 1965లో పూర్తయింది. దాని కింద ఉన్న మ్యూజియాన్ని, చుట్టూ ఉన్న పార్కును 2018లో కొత్తగా తీర్చిదిద్దారు. ట్రామ్ గది గుండ్రని డబ్బా వంటిది: నాలుగడుగుల తలుపులోంచి వంగి దూరితే అయిదుగురు మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చోవాలి. పైకి నాలుగు నిమిషాలు, కిందికి మూడు నిమిషాలు పడుతుంది. రానూపోనూ దాదాపు వంద మెట్లు ఎక్కిదిగాలి, చక్రాల కుర్చీకి వీలు లేదు. కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి టిక్కెట్టు కొనకుండా కింద మ్యూజియంలో కూర్చోబెట్టడమే మర్యాద. పైన పది నిమిషాలకు మించి ఉండనక్కరలేదు.

మూడవ దశ: అక్కడి నుంచి మెట్రోలింక్ రైలెక్కి ఫారెస్ట్ పార్కుకు వెళ్లండి. కారు ఉన్నా రైల్లోనే వెళ్లమంటాను, ఎందుకంటే పిల్లలకు రైలు కూడా ఒక వినోదమే. 1904 నాటి ప్రపంచ ప్రదర్శన జరిగిన ఈ పార్కు న్యూయార్క్ సెంట్రల్ పార్కు కంటే పెద్దది. జూ, సైన్స్ సెంటర్, ఆర్ట్ మ్యూజియం, చరిత్ర మ్యూజియం నాలుగింటికీ ప్రవేశం ఉచితం. స్థానికులు కట్టే ఆస్తి పన్నులో ఒక భాగం వీటి నిర్వహణకు వెళుతుంది. నాలుగూ చూడాలన్న ఆశ వద్దు. జూ ఒక్కటి చాలు, అందులోనూ ఆ ప్రదర్శన కోసమే కట్టిన పెద్ద పక్షుల పంజరాన్ని తప్పక చూపించాలి. లోపల చిన్న రైలు వంటివాటికి విడిగా రుసుము ఉంటుంది.

నాలుగవ దశ: రెండవరోజు ఉదయం సిటీ మ్యూజియం. అందరూ పొరపడేది ఇక్కడే కనుక నిదానంగా చదవండి.

దీనికి మ్యూజియం అని పేరే గానీ గాజు పెట్టెలూ వివరాల పలకలూ చూస్తూ నడిచే చోటు కాదు. ఒకనాటి ఇంటర్నేషనల్ షూ కంపెనీ గిడ్డంగిని శిల్పి బాబ్ కాసిలీ తీసుకుని, నగరంలో పారేసిన ఇనుము, పాత కట్టడాల ముక్కలతో నింపి 1997లో తెరిచాడు. పై అంతస్తుల నుంచి సరుకును కిందికి జార్చిన గొట్టాలే నేడు పిల్లల జారుడుబల్లలు. వాటిలో ఒకటి పది అంతస్తుల ఎత్తు నుంచి సుడులు తిరుగుతూ దిగుతుంది. ఆరుబయట గాలిలో వేలాడే రెండు విమానాల డొల్లల్లోకి ఇనుప చువ్వల సొరంగాల గుండా పాకుతూ వెళ్లాలి. ఎండాకాలంలో తెరిచే మిద్దె మీద, అంచు దాటి సగం బయటికి పొడుచుకువచ్చిన స్కూల్ బస్సు ఉంటుంది.

ఇంత కలగాపులగంలో మ్యాపు కోసం వెతకకండి. తలుపులు తెరిచే సమయానికే లోపలికి వెళ్లండి, శనివారం మాత్రం వద్దు. కండువాలు, చున్నీలు, పొడవాటి గొలుసులు, మెడలో తాడుతో వేలాడే ఫోన్లు ముందే తీసివేయాలి, ఎందుకంటే సొరంగాల్లో అవి చువ్వలకు చిక్కుకుంటాయి. చీర కట్టుకున్నవారు సొరంగాల జోలికి వెళ్లరాదు. పిల్లల చేతికి కట్టిన కాగితపు పట్టీ మీద మీ ఫోన్ నంబరు పెన్నుతో రాయండి. ఆ తరువాత, ఆట మొదలుకాకముందే, అందరూ కలుసుకోవలసిన ఒక్క చోటును నిర్ణయించి పిల్లల చేత చెప్పించుకోండి. సొరంగం ఒక చోట దూరితే మరో అంతస్తులో తేలుతుంది కనుక "ఎక్కడ వదిలామో అక్కడికే రా" అన్న మాట ఇక్కడ పనికిరాదు.

పెద్దవారు ఇద్దరుంటే ఒకరు పిల్లల వెనుక పాకాలి, మరొకరు జారుడుబల్ల దిగే చోట నిలబడాలి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలను ఒంటరిగా పంపరాదు. కొన్ని సొరంగాలు పిల్లల ఒంటికే సరిపోతాయి; భుజాలు పట్టని చోట మొండిగా దూరే తండ్రులను చూస్తే నాకు నవ్వూ భయమూ కలుగుతాయి. ఎవరైనా పిల్లవాడు నడుమ భయపడి ఆగిపోతే వెనుక నుంచి తోయవద్దు, పైనుంచి అరవవద్దు. వెనుక వస్తున్నవారిని ఆపి, వాడిని బోర్లా తిప్పించి, కాళ్లు ముందుగా, ఒక్కొక్క చువ్వనూ పట్టుకుంటూ వెనక్కి దిగమని మెల్లగా చెప్పాలి. ఏడుపు ఆగకపోతే వెంటనే అక్కడి సిబ్బందిని పిలవండి. ఆరేళ్ల లోపు వారికి విడిగా చిన్నపిల్లల చోటు ఉంది, మొదటి గంట అక్కడే గడపనివ్వండి. పిల్లలు ఇంకా కావాలంటున్నప్పుడే, అంటే మధ్యాహ్నం ఒంటిగంటకల్లా బయటికి వచ్చేయండి. అలసిన కాళ్లే జారుతాయి.

ఈలోగా అమ్మమ్మ, తాతయ్యలను అక్కడ బెంచీ మీద కూర్చోబెట్టవద్దు. నగర శివారు బాల్‌విన్‌లోని హిందూ దేవాలయానికి గానీ, దగ్గరలోని యూనియన్ స్టేషన్‌కు గానీ పంపండి. 1894లో కట్టిన ఆ స్టేషన్‌లో రైళ్లు 1978లో ఆగిపోయాయి, 2019లో అక్వేరియం వచ్చింది. ద్వారం దగ్గరి కమానుకు ఒక మూలన మీరు గుసగుసలాడితే ఎదుటి మూలన గోడకు చెవి ఆనించినవారికి స్పష్టంగా వినిపిస్తుంది. దీనికి టిక్కెట్టు లేదు, నా దృష్టిలో పక్కనున్న రెండు వందల అడుగుల జెయింట్ వీల్ కంటే ఇదే మేలు. పిల్లలను కూడా మధ్యాహ్నం ఇక్కడికే తీసుకురావచ్చు.

చివరి దశ: ఊరు విడిచే ముందు పాత రూట్ 66 రహదారి మీద ఉన్న టెడ్ డ్రూస్ దుకాణంలో ఫ్రోజెన్ కస్టర్డ్ తినిపించండి. చిక్కదనం చూపడానికి కప్పును తలకిందులు చేసి మరీ అందిస్తారు, పిల్లలు దానికే పగలబడి నవ్వుతారు. ఐస్‌క్రీమ్ అనుకుని పెద్దవారి చేతికి ఇచ్చేయవద్దు, కస్టర్డ్‌లో గుడ్డు పచ్చసొన ఉంటుంది. గుడ్డు తినని వారికి హోటల్ నుంచే పెరుగన్నం పట్టుకెళ్లండి.