కప్పు అంటే ఎన్ని గ్రాములు? ముందు మీ గ్లాసు సంగతి తేల్చండి

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ నిండా గుంటూరు, నెల్లూరు, కడప నుంచి ఉద్యోగాలకు వచ్చిన పిల్లలే. "ఆంటీ, కప్పు అంటే ఎన్ని గ్రాములు?" అని అడుగుతుంటారు. ఏ కప్పు, అందులో ఏం పోస్తున్నావు అని నేను ఎదురు అడుగుతాను. 240 మి.లీ. కప్పులో పంచదార 200 గ్రాములు పడుతుంది. మైదా 120 దాకా, తేనె 340 దాకా.

కప్పులు కూడా ఒకటి కాదు. బజార్లో దొరికే సెట్లలో కొన్ని 240, కొన్ని 250. పిడి మీద రాసి ఉంటుంది, చూడండి. రైస్ కుక్కర్‌తో ఇచ్చే కప్పు 180 మి.లీ. మాత్రమే, దాంతో కేకు చేయబోకండి.

అసలు కప్పే కొనక్కర్లేదు. రోజూ వాడే స్టీలు గ్లాసు ఒకటి పక్కన పెట్టుకోండి. త్రాసు మీద ఖాళీ గ్లాసు పెట్టి సున్నా చేసి, అంచుదాకా నీళ్లు పోయండి. ఎన్ని గ్రాములు చూపిస్తే గ్లాసు అన్ని మిల్లీలీటర్లు. త్రాసు లేదా? అర లీటరు నందిని పాల ప్యాకెట్ తెచ్చి గ్లాసుల్లో పోయండి. సరిగ్గా రెండు నిండితే మీది 250.

ఇక సరుకులు. కిలో బొంబాయి రవ్వ తెచ్చినప్పుడు డబ్బాలోకి ఒక్కసారే గుమ్మరించకుండా ఆ గ్లాసుతో కొలుస్తూ పోయండి. ఆరు గ్లాసులు వచ్చాయనుకోండి, 1000ని ఆరుతో భాగిస్తే గ్లాసుకు సుమారు 167 గ్రాములు. ఆ అంకె కాగితం మీద రాసి డబ్బా మూతకి అంటించండి. బియ్యానికి, పప్పులకి, పంచదారకి ఇలా ఒక్కసారి చేస్తే చాలు.

పిండితో మాత్రం ఈ లెక్క నిలవదు. అదే 240 కప్పును మైదాలో ముంచి తీస్తే 140 గ్రాములు దాటుతుంది. చెంచాతో వదులుగా నింపి, పైన చాకుతో గీసేస్తే 120. కేకు రాయిలా వచ్చిందని వచ్చేవాళ్లలో చాలామంది ముంచి తీసినవాళ్లే. మైదా, శనగపిండి తూచుకోవడమే మేలు.

ఉప్పు దగ్గర ఇంకా జాగ్రత్త. ఆవకాయకి ఇంట్లో గిన్నె ఉప్పు, గిన్నె కారం, గిన్నె ఆవపిండి అని లెక్క చెబుతారు కదా. ఆ గిన్నె కల్లుప్పుదా, దంచిన ఉప్పుదా, అమ్మని అడగండి. కల్లుప్పులో పలుకుల మధ్య గాలి ఉంటుంది, ప్యాకెట్ మెత్తటి ఉప్పు అదే గిన్నెలో చాలా ఎక్కువ పడుతుంది. కల్లుప్పు లెక్క అయితే ఒక గిన్నె తూచి, మెత్తటి ఉప్పు అదే బరువుకి తీసుకోండి. సోల, తవ్వ, మానిక లెక్కలు చెప్పే అమ్మమ్మలుంటే ఆ సోలనే తెచ్చుకుని నీళ్లతో కొలవండి. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అనేది సరే గానీ, ఊరికో సోల ఉండేది.

నూనె లీటరు ప్యాకెట్ మీద 910 గ్రాములని ఉంటుంది. కాబట్టి 200 గ్రాముల నూనె కావాలంటే 220 మి.లీ. పోయాలి. నెయ్యి కూడా దాదాపు అంతే. పాలకి, నీళ్లకి ఆ తేడా పట్టించుకోకండి.

ఇడ్లీకి గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల రవ్వ అన్నప్పుడు గ్రాముల్లోకి మార్చే టెన్షన్ ఎందుకు? రెండూ ఒకే గ్లాసుతో కొలిస్తే అయిపోయింది.

బేకింగ్ సోడా, ఈస్ట్ లాంటివి రెండు మూడు గ్రాములే కావాల్సినప్పుడు మామూలు వంటింటి త్రాసుని నమ్మొద్దు, అంత తక్కువ బరువు సరిగ్గా చూపించదు. అక్కడ 5 మి.లీ. టీ స్పూనే వాడండి. సోడా తలగొట్టి ఒక స్పూను తీస్తే 5 గ్రాములకి దగ్గర, పొడి ఈస్ట్ అయితే 3.