భూకంపాల లెక్కతో అగ్నిపర్వత విస్ఫోటనాన్ని అంచనా వేయడం

కొండ చుట్టూ కనీసం ఐదారు సీస్మోమీటర్లు (నేల కంపాలను నమోదు చేసే పరికరాలు) కావాలి. వాటిలో రెండు మూడైనా శిఖరానికి 5 కిలోమీటర్ల లోపు ఉండాలి, లేదంటే కంపం లోతు నమ్మలేం. సెన్సార్‌ను గాలికి కదలకుండా పాతి, మట్టం చూసి, గడియారాన్ని జీపీఎస్‌తో కలపండి.

తర్వాత కంపాలను రకాలుగా విడదీయండి. రాయి పగిలితే వచ్చేవాటిలో పీ (ముందుగా చేరే), ఎస్ (తర్వాత చేరే) తరంగాలు స్పష్టంగా విడిగా కనిపిస్తాయి. పౌనఃపున్యం ఎక్కువగా 5 హెర్ట్జ్‌కు (సెకనుకు 5 ఊపులకు) పైనే. మాగ్మా (భూమి లోపలి కరిగిన రాయి), వాయువులు కదిలితే వచ్చేవి 0.5 నుంచి 5 హెర్ట్జ్ మధ్య ఉంటాయి, మెల్లగా మొదలై సాగుతాయి. ఈ రెండో రకాన్ని అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు: 1989 డిసెంబరులో అలాస్కాలోని రిడౌట్ అగ్నిపర్వతం పేలడానికి ముందు దాదాపు ఒక రోజంతా ఇవే గుంపుగా వచ్చాయి.

ఇక లెక్క. రోజువారీ కంపాల సంఖ్యతో 1ని భాగించి గ్రాఫు గీయండి. వరసగా 25, 33, 50, 100 నమోదైతే విలువలు 0.04, 0.03, 0.02, 0.01. ఆ గీత ఐదో రోజున సున్నాను తాకుతుంది. పేలుడు జరిగితే అప్పుడే జరిగే అవకాశం ఎక్కువ.

పొరపాట్లు ఎక్కువగా ఇక్కడే. లెక్కలోకి తీసుకునే కంపాల కనీస తీవ్రత హద్దు మధ్యలో మారిస్తే గీత వంకరపోతుంది. కంపాలు ఒకదానిమీద ఒకటి పడితే సంఖ్య తగ్గినట్టు కనిపిస్తుంది, ప్రమాదం తగ్గినట్టు కాదు. అప్పుడు పది నిమిషాల సగటు కంపన పరిమాణం చూడండి. కాలిఫోర్నియాలోని లాంగ్ వ్యాలీలో 1980 మేలో 6 తీవ్రత స్థాయి భూకంపాలు వచ్చినా విస్ఫోటనం జరగలేదు. అందుకే నేల ఉబ్బు, సల్ఫర్ డయాక్సైడ్ కొలతలు పక్కన పెట్టుకునే హెచ్చరిక స్థాయి మార్చాలి.