పెద్ద పంపు మోటారుకు స్టార్-డెల్టా ప్యానెల్ ఎలా బిగించాలి?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మోటారు కాలిందంటే అందరూ ముందు తిట్టేది ఓల్టేజీనే. లో ఓల్టేజీతో కాలేవి లేకపోలేదు. కానీ రొయ్యల చెరువుల మీద, రైస్ మిల్లుల్లో, చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో, అపార్ట్‌మెంట్ల బోర్ల దగ్గర నేను విప్పి చూసిన ప్యానెళ్లలో చాలావాటికి లోపల వైర్లు కలిపిన తీరే తప్పు. మోటారు కొత్తదే, కాంటాక్టర్లు మంచి కంపెనీవే, కేబుల్ ఖరీదైనదే. మోటారు నుంచి ప్యానెల్‌కు వచ్చే ఆరు వైర్లలో రెండు మాత్రం తారుమారై ఉంటాయి. అందుకే ఇందులో మిగతా పనులన్నీ త్వరగా చెప్పేసి, ఆ ఆరు వైర్ల దగ్గర ఆగుతాను. స్టార్-డెల్టా ప్యానెల్ అంటే పెద్ద మోటారును ముందు స్టార్ కలయికలో తక్కువ కరెంటుతో లేపి, వేగం అందుకున్నాక డెల్టా కలయికలోకి మార్చే స్టార్టరు.

ఇది 415 వోల్టుల మీద చేసే పని. వైర్‌మన్ పర్మిట్ ఉన్నవారే చేయాలి, లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు బాధ్యత తీసుకోవాలి. ఇంట్లో ఫ్యాను బిగించడం తెలిసినవారు దీని జోలికి రావద్దు. పర్మిట్ లేని యజమానులు దీన్ని చదివి, పని జరుగుతున్నప్పుడు పక్కన నిలబడి ఏం అడగాలో తెలుసుకుంటే చాలు.

కావలసినవి

ఎంసీసీబీ (మెయిన్ బ్రేకర్), మూడు కాంటాక్టర్లు, అంటే కాయిల్‌తో పట్టుకునే స్విచ్‌లు (మెయిన్, స్టార్, డెల్టా), స్టార్-డెల్టా టైమర్, ఓవర్‌లోడ్ రిలే (కరెంటు ఎక్కువైతే మోటారును ఆపేది), సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటారును ఆపేది), అమ్మీటర్, వోల్ట్‌మీటర్, లగ్గులు (తీగ చివర బిగించే లోహపు ముక్కలు), గ్లాండ్లు (కేబుల్ బాక్సులోకి దూరేచోట బిగించేవి), నంబర్ల ఫెర్రూల్స్ (వైరుకు తొడిగే నంబరు గొట్టాలు). పనిముట్లలో క్రింపింగ్ టూల్, మల్టీమీటర్, టంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది), 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచేది). మెగ్గర్ లేకపోతే అద్దెకు తెచ్చుకోండి. అది లేకుండా పని మొదలుపెట్టవద్దు.

టైమర్ విషయంలో బేరం వద్దు. మామూలు ఆన్-డిలే టైమర్‌తో సరిపెట్టేవారు ఉన్నారు. స్టార్-డెల్టాకు తయారుచేసిన టైమర్‌లో స్టార్ విడిపోయాక డెల్టా పట్టుకునే లోపు చిన్న విరామం ఉంటుంది. స్టార్ కాంటాక్టర్ పూర్తిగా విడిపోకముందే డెల్టా పట్టిందంటే మూడు ఫేజులూ నేరుగా షార్ట్ అవుతాయి. టైమర్‌తో పాటు ఆ రెండు కాంటాక్టర్ల మధ్య ఎలక్ట్రికల్ ఇంటర్‌లాక్, మెకానికల్ ఇంటర్‌లాక్ (ఒక కాంటాక్టర్ పట్టి ఉండగా రెండోది పట్టకుండా ఆపేవి) రెండూ ఉండాలి. ఒకటి ఉంది కదా అని రెండోది వదిలేయవద్దు.

ప్రివెంటర్ కరెంటును చూసేదే కొనండి. ఓల్టేజీని మాత్రమే చూసే రకం చౌక. కానీ తిరుగుతున్న మోటారుకు ఒక ఫేజు పోతే, ఆ పోయిన ఫేజులో మోటారే కొంత ఓల్టేజీ పుట్టిస్తుంది. చౌక రకం దాన్ని చూసి అంతా బాగానే ఉందనుకుంటుంది. ఆలోపు వైండింగ్ మాడిపోతుంది.

బాక్సు ఎక్కడ పెట్టాలి

అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, సింగరాయకొండ, కొత్తపట్నం వైపు ఉప్పుగాలి రేకు బాక్సును ఎక్కువ కాలం బతకనివ్వదు. పెయింట్ ఎంత మందంగా వేసినా స్క్రూ రంధ్రాల దగ్గర తుప్పు మొదలవుతుంది. తీరంలో ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్‌గ్లాస్ ప్లాస్టిక్) బాక్సే పెట్టాలి. అయితే ఎఫ్‌ఆర్‌పీ కరెంటును మోయదు కాబట్టి లోపలి మౌంటింగ్ ప్లేటుకు, లోహపు తలుపు ఉంటే దానికీ విడిగా ఎర్త్ వైరు ఇవ్వాలి. బాక్సు మారిస్తే ఈ వైరును మరిచిపోయేవారే ఎక్కువ.

ఛాతీ ఎత్తులో, ఆ ఊళ్లో వరద నీరు ఎంతవరకు వచ్చిందో అడిగి దానికంటే పైన బిగించండి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, తుపానుతో పాటే వస్తాయి. వేసవిలో చూసి వేసిన లెక్క అప్పుడు పనికిరాదు. తలుపు పడమటికి తిరిగి ఉండకూడదు. రోహిణి కార్తె ఎండ సాయంత్రం వరకు తలుపు మీద పడితే లోపలి వేడికి ఓవర్‌లోడ్ రిలే అకారణంగా ట్రిప్ అవుతుంది. అప్పుడు ఎవరో ఒకరు వచ్చి రిలే సెట్టింగ్ పెంచేస్తారు.

కేబుళ్లు కింది నుంచే లోపలికి రావాలి. పైనుంచి తెస్తే వాన నీరు కేబుల్ పట్టుకుని నేరుగా కాంటాక్టర్ మీదికి దిగుతుంది. ప్రతి కేబుల్‌కూ గ్లాండు వేసి, వాడని రంధ్రాలు మూసేయండి. లోపలికి దూరిన బల్లి రెండు ఫేజుల మధ్య పడితే చాలు, టెర్మినళ్లు నల్లగా మాడతాయి.

సప్లై ఆపడం

మెయిన్ ఆఫ్ చేసి, ఫ్యూజు క్యారియర్లు తీసి జేబులో పెట్టుకోండి. ఎంసీసీబీ అయితే తాళం వేసి తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏ పని ఉన్నా విద్యుత్ శాఖ సిబ్బందిని పిలిచి లైన్ క్లియర్ (లైను ఆపామన్న వారి అనుమతి) తీసుకోవాలి. ఏబీ స్విచ్ (ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే లైనును విడదీసే స్విచ్) మీరు లాగవద్దు, ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు మీరు వేయవద్దు. దిమ్మె ఎక్కి ఫ్యూజు వేయబోయి ప్రాణం పోగొట్టుకున్న రైతులు మన పల్లెల్లో తక్కువేమీ కాదు.

తర్వాత మల్టీమీటర్‌తో చూడండి. ముందు మీటరును కరెంటు ఉన్నచోట పెట్టి పనిచేస్తోందని తేల్చుకోండి. ఆ తర్వాత మీరు పనిచేసే టెర్మినళ్లు చూడండి: ఫేజుకు ఫేజు మూడుసార్లు, ఫేజుకు ఎర్త్ మూడుసార్లు. మళ్లీ మీటరును కరెంటు ఉన్నచోట పెట్టి చూడండి. నియాన్ టెస్టర్ వెలగలేదని చెయ్యి పెట్టవద్దు. ప్యానెల్‌లో కెపాసిటర్ ఉంటే అయిదు నిమిషాలు ఆగి, దాని టెర్మినళ్లను కూడా మీటరుతో చూశాకే ముట్టుకోండి. పాత ప్యానెల్‌లో ఆటో స్టార్టర్ ఉంటే సెలెక్టర్‌ను ఆఫ్‌లో పెట్టండి. కరెంటు రాగానే మోటారు తనంతట తాను తిరగడం మొదలుపెడుతుంది, అప్పుడు కప్లింగ్ మీద మీ చెయ్యి ఉండకూడదు.

ఆరు వైర్లు

స్టార్-డెల్టా మోటారు నుంచి ఆరు చివర్లు బయటికి వస్తాయి. మూడు వైండింగ్‌లు, ఒక్కోదానికి రెండు చివర్లు: యు1-యు2, వి1-వి2, డబ్ల్యు1-డబ్ల్యు2. మెయిన్ కాంటాక్టర్ ఆర్, వై, బి (ఎరుపు, పసుపు, నీలం) ఫేజులను వరుసగా యు1, వి1, డబ్ల్యు1కు ఇస్తుంది. స్టార్ కాంటాక్టర్ యు2, వి2, డబ్ల్యు2 మూడింటినీ ఒకచోట కలుపుతుంది. డెల్టాలోకి మారినప్పుడు ఏ వైండింగ్ రెండో చివరైనా తన మొదటి చివర ఉన్న ఫేజుకు కాకుండా వేరే ఫేజుకు వెళ్లాలి. అంటే ఆర్ మీద యు1, డబ్ల్యు2. వై మీద వి1, యు2. బి మీద డబ్ల్యు1, వి2.

సబ్‌మెర్సిబుల్ మోటారు నుంచి రెండు ఫ్లాట్ కేబుళ్లు వస్తాయి. రెండింట్లోనూ ఎరుపు, పసుపు, నీలం. కొత్త కుర్రవాళ్లు ఎరుపుకు ఎరుపు, పసుపుకు పసుపు, నీలానికి నీలం కలిపేస్తారు. చూడటానికి ఎంతో పద్ధతిగా ఉంటుంది. కానీ అలా కలిపితే ఒక్కో వైండింగ్ రెండు చివర్లూ ఒకే ఫేజు మీదికి వస్తాయి, వైండింగ్ మీద ఓల్టేజీ ఉండదు. మోటారు స్టార్‌లో చక్కగా లేస్తుంది, టైమర్ మారగానే అమ్మీటర్ ముల్లు సున్నాకు పడిపోతుంది, నీరు ఆగిపోతుంది. సరైన జోడీలో మొదటి కేబుల్ ఎరుపుతో రెండో కేబుల్ నీలం, మొదటి పసుపుతో రెండో ఎరుపు, మొదటి నీలంతో రెండో పసుపు కలుస్తాయి. కొన్ని కంపెనీల రంగులు వేరుగా ఉంటాయి కాబట్టి మోటారుతో వచ్చిన డయాగ్రమ్ చూడకుండా నా మాట మీద కూడా కలపవద్దు.

ఇలా మూడు జోడీలూ తప్పుగా కలిస్తే మోటారు ఆగిపోతుంది, నష్టం తక్కువ. రెండే తారుమారైతేనే ప్రమాదం. ఒక వైండింగ్‌కు ఓల్టేజీ ఉండదు, మిగతా రెండూ ఒకే జత ఫేజుల మధ్య పడతాయి. మోటారు సింగిల్ ఫేజులో ఉన్నట్టే మూలుగుతూ విపరీతమైన కరెంటు లాగుతుంది.

ఈ తప్పు స్టార్‌లో కనబడదు. స్టార్‌లో రెండో చివర్లన్నీ ఒకే ముడిలో కలుస్తాయి కాబట్టి ఏది ఎటు వెళ్లినా తేడా ఉండదు. మోటారు తిరుగుతుంది, పైపులో నీరు కనిపిస్తుంది, మేస్త్రి డబ్బులు తీసుకోవడానికి చెయ్యి చాపుతాడు. అందుకే మోటారు డెల్టాలోకి మారి పది నిమిషాలు నడిచేదాకా పని అయిపోయిందని ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు.

దీన్ని కరెంటు ఇవ్వకముందే పట్టుకోవచ్చు. నేను ప్రతి ప్యానెల్‌కూ ఇలాగే చేస్తాను. సబ్‌మెర్సిబుల్ అయితే బోరులోకి దింపకముందే మొదటి చివర్లున్న కేబుల్‌కు, పై చివరా కింది చివరా, టేపు చుట్టండి. దింపాక ఏ కేబుల్ ఏదో చెప్పగలిగినవారు లేరు. పైన మల్టీమీటర్‌తో యు1-యు2 మధ్య తక్కువ ఓమ్స్ రావాలి, యు1-వి1 మధ్య ఏమీ రాకూడదు. మూడు వైండింగ్‌ల రీడింగ్‌లు దాదాపు సమానంగా ఉండాలి. ఆరింటికీ ఫెర్రూల్స్ వేయండి, పెన్నుతో రాసిన టేపు చాలదు. ఉపరితల మోటారు అయితే టెర్మినల్ బాక్సులోని లింకు పట్టీలు మూడూ తీసేయాలి. అవి ఉండగా డెల్టా ప్యానెల్ కలిపితే నేరుగా షార్ట్ అవుతుంది.

ఇక ప్యానెల్ వైపు. సప్లై ఆఫ్‌లో, తాళంలో ఉండగానే, మోటారు వైర్లు కలపకుండా మెయిన్, డెల్టా కాంటాక్టర్లు రెండింటినీ చేత్తో నొక్కి పట్టుకోవాలి. ఇద్దరు ఉండాలి, ఒకరు నొక్కితే ఒకరు మీటరు పెట్టాలి. యు1 టెర్మినల్‌కు డబ్ల్యు2తో, వి1కు యు2తో, డబ్ల్యు1కు వి2తో దాదాపు సున్నా ఓమ్స్ రావాలి. మిగతా ఏ జతకూ సున్నా రాకూడదు. ఇవి సరిగా వస్తేనే మోటారు వైర్లు కలపండి. పట్టేది అయిదు నిమిషాలు.

కలిపేటప్పుడు ప్రతి తీగకూ లగ్గు వేసి క్రింప్ చేయాలి. తీగలు మెలిపెట్టి స్క్రూ కింద దూర్చిన జాయింట్ కొన్ని నెలల్లో వదులై వేడెక్కుతుంది. అల్యూమినియం కేబుల్‌ను రాగి టెర్మినల్‌కు కలపాలంటే బైమెటల్ లగ్గు (ఒక వైపు అల్యూమినియం, ఒక వైపు రాగి ఉన్నది) తప్పదు. ఉప్పుగాలిలో ఆ రెండూ నేరుగా తగిలితే జాయింట్‌ను తుప్పు త్వరగా తినేస్తుంది.

ఇంకొక్క ఉచ్చు ఉంది. మోటారు వెనక్కి తిరుగుతోందని మోటారు వైపు రెండు వైర్లు మార్చేవారిని చూస్తుంటాను. మామూలు స్టార్టర్‌లో అది చెల్లుతుంది. స్టార్-డెల్టాలో యు1, వి1 మాత్రమే మార్చారంటే జోడీలు చెదిరిపోయి, పైన చెప్పిన రెండు వైర్ల తప్పే జరుగుతుంది. దిశ మార్చాలంటే ఎంసీసీబీకి వచ్చే సప్లై వైపు రెండు ఫేజులు మార్చండి. మోటారు వైపు చెయ్యి పెట్టవద్దు.

రిలే సెట్టింగ్

చాలా ప్యానెళ్లలో రిలే మెయిన్ కాంటాక్టర్ కింద, యు1-వి1-డబ్ల్యు1 దారిలో ఉంటుంది. డెల్టాలో ఆ దారిలో పోయేది లైన్ కరెంటులో 58 శాతమే. నేమ్‌ప్లేట్ మీద 21 ఆంపియర్లు ఉంటే రిలేను 12 దగ్గర పెట్టాలి. 21 దగ్గర పెడితే లైన్‌లో 36 ఆంపియర్లు దాటేదాకా రిలే కదలదు. అప్పటికి కాపాడటానికి మోటారు మిగలదు. రిలే సప్లై వైపు, మొత్తం లైన్ కరెంటు పోయేచోట ఉంటే మాత్రం నేమ్‌ప్లేట్ విలువే పెట్టాలి. ముందు రిలే ఎక్కడుందో చూసి తర్వాత డయల్ తిప్పండి. మాటిమాటికీ ట్రిప్ అవుతుంటే కారణం వెతకండి, డయల్ పెంచవద్దు.

ఎర్తింగ్

250 వోల్టులు దాటిన మోటారు బాడీకి రెండు వేర్వేరు ఎర్త్ కనెక్షన్లు ఉండాలన్నది నిబంధన. ఒకే వైరును రెండు బోల్టుల కింద చుడితే రెండు కావు. రెండు గుంతలు, రెండు దారులు. న్యూట్రల్‌ను ఎర్త్‌గా వాడటం ప్రాణాంతకం. దర్శి, చీమకుర్తి వైపు రాతి నేలలో గుంత ఎండిపోతే ఎర్త్ పనిచేయదు, వేసవిలో నీళ్లు పోస్తూ ఉండాలి. తీరంలో తేమకు లోటు లేదు కానీ జీఐ (జింకు పూత ఇనుము) పట్టీని ఉప్పునేల తినేస్తుంది. అక్కడ రాగి పూత రాడ్ వేసి, జాయింటును ఏటా తవ్వి చూడండి.

రొయ్యల చెరువు ఏరియేటర్ల లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై తెంచే బ్రేకర్) పెట్టండి. చెరువులో దిగిన మనిషికి అదే రక్ష. ఊరికే ట్రిప్ అవుతోందని దాన్ని బైపాస్ చేస్తున్నారు. పొడవాటి లైన్ల మీద లీకేజీ ఎక్కువై ట్రిప్ అవుతుంది కాబట్టి, ఏరియేటర్లను చిన్న గుంపులుగా విడదీసి ఒక్కో గుంపుకు ఒక ఆర్‌సీసీబీ ఇవ్వండి.

మొదటిసారి నడపడం

ప్రివెంటర్, టైమర్ వైర్లు విప్పి, వైండింగ్‌కూ బాడీకీ మధ్య మెగ్గర్ పట్టండి. ఎలక్ట్రానిక్ భాగాలు కలిసి ఉండగా పడితే అవి పోతాయి. 1 మెగోమ్ కంటే తక్కువ వస్తే నడపవద్దు. కొత్త మోటారులో అంతకు ఎన్నో రెట్లు రావాలి.

అన్నీ తిరిగి కలిపి, ప్యానెల్ తలుపు మూశాకే స్టార్ట్ నొక్కండి. స్టార్‌లో అమ్మీటర్ ముల్లు పైకి లేచి, మెల్లగా దిగి, నిలకడగా ఆగుతుంది. అది ఆగిన క్షణమే డెల్టాలోకి మారాలి, టైమర్‌ను దాన్ని బట్టి సర్దండి. స్టార్‌లో టార్క్ (తిప్పే బలం) డెల్టాలో ఉండేదానిలో మూడో వంతే ఉంటుంది, ఎక్కువసేపు ఉంచితే మోటారు భారం లాగలేక వేడెక్కుతుంది. డెల్టాలో మూడు ఫేజుల కరెంటు టంగ్ టెస్టర్‌తో చూడండి. మూడూ దగ్గరదగ్గరగా, నేమ్‌ప్లేట్ విలువ లోపే ఉండాలి. ఆ మూడు అంకెలు, అప్పటి ఓల్టేజీ, రిలే సెట్టింగ్, తేదీ ఒక కాగితం మీద రాసి తలుపు లోపల అంటించండి. నెల తర్వాత సప్లై ఆపి అన్ని స్క్రూలూ మరోసారి బిగించి, మళ్లీ రీడింగ్ తీసి దాని కిందే రాయండి.