చేలో సీసం, కాడ్మియం చేరాయా? మట్టి తీసి తెలుసుకోవడం ఎలా

భూసార కార్డు ఉంది, చేనుకు ఢోకా లేదనుకునే రైతులు మన కడప జిల్లాలో చాలామంది. ఆ కార్డులో ఉండేవి 12 అంశాలు. జింకు, రాగి ఉంటాయి, అవీ పోషకాలుగా లెక్కేసినవే. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ ఉండవు. వాటిని విడిగా అడిగి చేయించుకోవాలి.

ముందు చేను చరిత్ర ఒక కాగితం మీద రాసుకోండి. ఎర్రగుంట్ల వైపైతే సిమెంటు దుమ్ము, బొగ్గు బూడిద. తుమ్మలపల్లె వైపైతే గని వల్ల యురేనియం. చీనీ తోటకు ఏళ్లతరబడి బోర్డో మిశ్రమం కొట్టి ఉంటే రాగి. డీఏపీ, సూపర్ లాంటి భాస్వరం ఎరువులు ఎక్కువగా వేసిన నేలైతే కాడ్మియం, ఎందుకంటే అది భాస్వరపు రాయిలోనే ఉంటుంది. ఏ లోహానికి డబ్బు పెట్టాలో ఈ కాగితమే చెబుతుంది.

ఇక మట్టి తీయడం. పంట కోశాక, ఎరువు తోలకముందు తీయాలి. జింకు పూత ఉన్న బకెట్టు, రంగు వేసిన పార వాడితే ఆ లోహం మట్టికి అంటి లెక్క తప్పుతుంది. స్టీలు తాపీ, ప్లాస్టిక్ బకెట్టు చాలు. గట్టు, దిబ్బ, బోరు దగ్గర వదిలేసి 15 చోట్ల 15 సెంటీమీటర్ల లోతు దాకా తీసి కలపండి. కుప్పను నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు పారేస్తూ పోతే అర కిలో మిగులుతుంది. నీడలోనే ఆరబెట్టండి. రోడ్డు పక్క సాళ్ల మట్టి వేరే సంచిలో వేయండి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, అదే నాకు బాధ. అదే చేలో 60 సెంటీమీటర్ల లోతు మట్టి ఒక సంచి, దుమ్మూ మురుగూ చేరని దూరపు చేలో అదే రకం నేల మట్టి ఇంకో సంచి తప్పక పంపండి. పైమట్టిలో సీసం లోపలికంటే రెండు మూడు రెట్లుంటే బయటినుంచి చేరిందని గట్టిగా అనుమానించాలి. రెండూ సమానమైతే అది చాలావరకు రాతి గుణం. మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) నేలల్లో బేరియం పెద్ద అంకెల్లో కనిపించినా, ఆ రూపంలో అది నీళ్లలో దాదాపు కరగదు.

ఎన్ఏబీఎల్ (ల్యాబుల నాణ్యతను పరిశీలించే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబులో మొత్తం లోహం, డీటీపీఏ అనే రసాయనంతో తీసి కొలిచే, మొక్కకు అందే లోహం, ఉదజని సూచిక (పీహెచ్) మూడూ అడగండి. పోల్చి చూడటానికి పొలాలకు మురుగు బురద వేయడంపై 1986 నాటి యూరప్ నిబంధన పనికొస్తుంది. కిలో మట్టిలో కాడ్మియం 1–3 మిల్లీగ్రాములు, సీసం 50–300 అందులోని హద్దులు.

మన నల్లరేగడిలో ఉదజని సూచిక 8 దాటడం మామూలే. అక్కడ సీసం, కాడ్మియం చాలావరకు మట్టికే పట్టుకుని ఉంటాయి, ఆర్సెనిక్, యురేనియం మాత్రం ఇంకా సులువుగా కదులుతాయి. కాడ్మియం ఎక్కువని తేలితే శెనక్కాయ గింజలు, పాలకూర కూడా పరీక్షకు పంపండి. ఆ రెండూ దాన్ని బాగా లాగుతాయి.

మిగిలిన మట్టిని సంచిలో కట్టి, తేదీ, లోతు రాసి అటక మీద దాచండి. రిపోర్టు మీద అనుమానం వస్తే అదే మట్టి ఇంకో ల్యాబుకు పంపొచ్చు.