తండ్రి ప్రేమ మీద కంట్రీ పాట (అమెరికా పల్లె బాణీ) కట్టడం ఎలా?

ముందు పల్లవి రాయండి. నాలుగు పంక్తులు చాలు. మూడు చరణాల్లో ప్రతిదాని తర్వాతా అదే పల్లవి రావాలి, కానీ ప్రతిసారీ అర్థం పెరగాలి. 1990లో అమెరికన్ కంట్రీ గాయకుడు జార్జ్ స్ట్రెయిట్ పాడిన ‘లవ్ వితౌట్ ఎండ్, ఆమెన్’ ఇందుకు చక్కని నమూనా: మొదట తప్పు చేసిన కొడుకు, తర్వాత అతనే తండ్రి, చివరికి స్వర్గద్వారం.

మొదటి చరణంలో తప్పు స్పష్టంగా కనబడాలి. ‘ఏదో పొరపాటు’ అంటే వినేవాడికి భయం పుట్టదు, భయం లేనిదే క్షమకు బరువుండదు. చాలామంది తండ్రి చేత ‘క్షమించాను’ అనిపించేస్తారు. పాట అక్కడే చప్పబడుతుంది. దానికి బదులు, అర్ధరాత్రి దాకా వరండా లైటు ఆర్పలేదని చెప్పండి.

గిటార్‌కి జి, సి, డి7 అనే మూడు కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల జట్లు) సరిపోతాయి. జి పట్టినప్పుడు ఒకటో మాత్రకు ఆరో తీగ (అన్నిటికన్నా లావుది), మూడో మాత్రకు నాలుగో తీగ మీటి, రెండు, నాలుగు మాత్రలకు కింది సన్న తీగల్ని కలిపి మెల్లగా మీటండి. గొంతుకి శ్రుతి తగ్గువైతే గిటార్ మెడ మీది రెండో ఫ్రెట్‌లో కేపో (తీగల్ని అదిమి శ్రుతి పెంచే క్లిప్పు) బిగించండి. పల్లవికి ముందు డి7ని ఒక బార్ (నాలుగు మాత్రలు) పూర్తిగా నిలపండి; తొందరపడితే పల్లవి ఎత్తుగడ తేలిపోతుంది.